మెయిల్ వచ్చినా ఫోన్ ఎందుకు మోగదు? అడవి అంచు ఊళ్లలో పుష్ ఈమెయిల్ సరిచేసుకునే పద్ధతి

గల్ఫ్ కంపెనీ పంపే ఆఫర్ లెటర్, విదేశీ యూనివర్సిటీ అడ్మిషన్ పత్రం, నీట్ పరీక్ష సమాచారం, పాస్‌పోర్టు దరఖాస్తు కబురు, బ్యాంకు ఓటీపీ. ఇవన్నీ ఇప్పుడు ఈమెయిల్‌కు వస్తున్నాయి. చాలావాటికి గడువు ఉంటుంది. ఓటీపీకి కొన్ని నిమిషాలే. ఇంటర్వ్యూ పిలుపుకైతే ఒక్కోసారి ఒకటి రెండు రోజులు. మెయిల్ సమయానికే వచ్చి, ఫోన్ మాత్రం మోగకపోతే ఆ గడువు ఇంట్లో ఎవరికీ తెలియకుండానే దాటిపోతుంది.

ఖమ్మం టౌన్‌లో ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా వెళ్తే సిగ్నల్ సంగతి ఊరికో తీరుగా ఉంటుంది. అందుకే మెయిల్ ఆలస్యమైతే అందరూ ముందు టవర్‌నే తిట్టుకుంటారు. నిజానికి చాలాసార్లు కారణం టవర్ కాదు, ఫోన్‌లోని సెట్టింగే. సిగ్నల్ మన చేతిలో లేదు కానీ సెట్టింగ్ మన చేతిలోనే ఉంది. ఏది ఎక్కడ ఆగుతుందో తెలిస్తే అరగంటలో సరిచేసుకోవచ్చు.

పుష్ ఈమెయిల్ అంటే ఏమిటి?

మెయిల్ రావడం వేరు, ఫోన్ మోగడం వేరు. ఎవరైనా పంపిన మెయిల్ ముందు గూగుల్, యాహూ లాంటి సంస్థల సర్వర్‌కు చేరుతుంది. అక్కడే భద్రంగా ఉంటుంది. మన ఫోన్ స్విచ్ఛాఫ్‌లో ఉన్నా అది ఎక్కడికీ పోదు. 'మీకు మెయిల్ వచ్చింది' అని ఫోన్‌కు కబురు చేరడం రెండో పని. ఆలస్యం ఎక్కువగా ఈ రెండో పనిలోనే జరుగుతుంది.

ఈ కబురు రెండు రకాలుగా చేరుతుంది. మొదటిది ఫెచ్. అంటే ఫోనే పావుగంటకో, గంటకో ఒకసారి సర్వర్‌ను అడిగి చూసుకోవడం. ఉత్తరం వచ్చిందా అని మనమే పోస్టాఫీసుకు వెళ్లి అడిగినట్టు. రెండోది పుష్. మెయిల్ రాగానే సర్వరే ఫోన్‌ను తట్టి లేపుతుంది. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి పిలిచినట్టు.

ఐమ్యాప్ పద్ధతిలో మెయిల్ రాగానే కబురిచ్చే 'ఐడిల్' అనే ఏర్పాటుకు 1997లో ప్రమాణం తయారైంది. 1999లో వచ్చిన బ్లాక్‌బెర్రీ పరికరాలు జేబులో మెయిల్ మోగడాన్ని ఆఫీసుల్లో మామూలు చేశాయి. తర్వాత ఐఫోన్‌కు 2009లో, ఆండ్రాయిడ్‌కు 2010లో సొంత పుష్ ఏర్పాట్లు వచ్చాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ విడిగా సర్వర్‌తో మాట్లాడుతూ కూర్చోదు. గూగుల్‌తో ఫోన్‌కు ఒకే లైను తెరిచి ఉంటుంది. చాలా యాప్‌ల పిలుపులు ఆ లైనులోనే వస్తాయి. ఐఫోన్‌లో ఈ పని ఆపిల్ లైను చేస్తుంది.

ఈ లైనులో వచ్చే పిలుపు చాలా చిన్నది. గూగుల్ ఏర్పాటులో ఒక్కోటి సుమారు 4 కేబీకి మించదు. అందుకే బలహీనమైన సిగ్నల్‌లో, 2జీలో కూడా గంట మోగే అవకాశం ఉంది. మెయిల్‌తో వచ్చిన పీడీఎఫ్ తెరవడానికి మాత్రం మంచి సిగ్నల్ కావాలి. గంట మోగిందంటే సగం పని అయినట్టే. మిగతాది సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లి చూసుకోవచ్చు.

ముందు చూడాల్సింది: ఆ మెయిల్ ఐడీ ఎవరిది?

నెట్ సెంటర్‌లోనో, తెలిసినవాళ్ల ద్వారానో దరఖాస్తు చేయించుకునే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. అభ్యర్థికి మెయిల్ లేదంటే కొన్నిచోట్ల దరఖాస్తు నింపేవాళ్లే తమ మెయిల్ ఐడీ పెట్టేస్తారు. అప్పుడు కబురు మోగేది వాళ్ల ఫోన్‌లో. రోజుకు పదుల దరఖాస్తులు నింపే మనిషి మన మెయిల్ గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారన్న నమ్మకం ఏముంది? నీట్ లాంటి పరీక్షలు నిర్వహించే ఎన్‌టీఏ కూడా అభ్యర్థిదో, తల్లిదండ్రులదో సొంత మెయిల్, సొంత మొబైల్ నంబరే ఇవ్వాలని చెబుతుంది.

కాబట్టి దరఖాస్తు ఎవరు నింపినా ఐడీ మనదే ఇవ్వాలి. పాస్‌వర్డ్ మన దగ్గరే ఉండాలి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో లాగిన్ అయితే వచ్చేటప్పుడు లాగౌట్ చేసి రావాలి. పాస్‌వర్డ్ పోతే తిరిగి తెచ్చుకోవడానికి వాడే రికవరీ ఫోన్ నంబర్ ఇప్పుడు వాడుతున్నదేనా అని కూడా చూసుకోండి. పాత సిమ్ నంబర్ అక్కడే ఉండిపోతే అవసరం పడ్డ రోజు తలుపు మూసుకుపోతుంది. రెండేళ్లపాటు అసలు తెరవని ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమల్లోకి తెచ్చింది. ఇంటర్‌లో తెరిచి వదిలేసిన ఐడీ ఉంటే ఇప్పుడే ఒకసారి లాగిన్ అవ్వండి.

స్టోరేజీ నిండితే మెయిల్ రాదు

ఉచిత గూగుల్ ఖాతాకు 15 జీబీ చోటు ఉంటుంది. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ ఆ చోటునే పంచుకుంటాయి. 2021 జూన్ 1 తర్వాత బ్యాకప్ అయిన ఫోటోలు, వీడియోలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పెళ్లి వీడియోలతో 15 జీబీ నిండిపోతే కొత్త మెయిల్ లోపలికి రాదు, పంపినవాళ్లకే తిరిగిపోతుంది. అప్పుడు పుష్ ఎంత బాగున్నా ఫలితం లేదు.

గూగుల్ వన్ యాప్‌లో గానీ, జీమెయిల్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి గానీ ఎంత నిండిందో చూడొచ్చు. ముఖ్యమైన దరఖాస్తు నడుస్తున్న రోజుల్లో కనీసం ఒక జీబీ ఖాళీ ఉంచుకోవడం మంచిది. అన్నిటికన్నా మేలైన పద్ధతి, దరఖాస్తులకు విడిగా ఒక ఐడీ పెట్టుకుని దానికి ఫోటో బ్యాకప్ ఆపేయడం.

యాప్ ఎంపిక: ఏ మెయిల్‌కు ఆ యాప్

జీమెయిల్ ఖాతాకు జీమెయిల్ యాప్, ఔట్‌లుక్ ఖాతాకు ఔట్‌లుక్ యాప్, యాహూకు యాహూ యాప్ వాడితే పుష్ సాధారణంగా సరిగ్గా పనిచేస్తుంది. చిక్కు వచ్చేది ఒక సంస్థ ఖాతాను మరో సంస్థ యాప్‌లో కలిపినప్పుడు. ఉదాహరణకు యాహూ ఖాతానో, కాలేజీ ఇచ్చిన ఐమ్యాప్ ఖాతానో ఆండ్రాయిడ్ జీమెయిల్ యాప్‌లో కలిపితే అది నిర్ణీత సమయాలకే అడిగి చూస్తుంది. ఆ ఖాతా సెట్టింగ్స్‌లో 'సింక్ ఫ్రీక్వెన్సీ' అని ఉంటుంది. అందులో 15 నిమిషాలు పెట్టుకున్నా, ఐదు నిమిషాల ఓటీపీకి అది చాలదు.

కాలేజీ, ఆఫీసు ఐమ్యాప్ ఖాతాలకు నిజమైన పుష్ కావాలంటే ఐడిల్ పద్ధతి వాడే కే-9 మెయిల్, ఫెయిర్‌ఈమెయిల్ లాంటి యాప్‌లు ఉన్నాయి. ఇవి ఎప్పుడూ పనిచేస్తున్నట్టు పైన ఒక గుర్తు చూపిస్తాయి. దాన్ని తీసేయకూడదు.

జీమెయిల్ యాప్‌లో చూడాల్సిన నాలుగు చోట్లు

మొదటిది సింక్. జీమెయిల్ యాప్‌లో మూడు గీతలు నొక్కి, సెట్టింగ్స్‌లో మీ ఖాతా తెరిస్తే 'సింక్ జీమెయిల్' కనిపిస్తుంది. దానికి టిక్ ఉండాలి. ఫోన్ సెట్టింగ్స్‌లోని ఖాతాల పేజీలో 'ఆటోమేటిక్ సింక్' ఆఫ్ అయి ఉంటే దాన్ని కూడా ఆన్ చేయండి.

రెండోది నోటిఫికేషన్ రకం. అదే పేజీలో 'ఆల్', 'హై ప్రయారిటీ ఓన్లీ', 'నన్' అని మూడు ఉంటాయి. 'హై ప్రయారిటీ' పెడితే ఏది ముఖ్యమో గూగుల్ అంచనా వేసి, వాటికే మోగిస్తుంది. కొత్త కంపెనీ నుంచి మొదటిసారి వచ్చిన మెయిల్ ఆ అంచనాలో పడకపోవచ్చు. 'ఆల్' పెట్టుకోవడమే నయం.

మూడోది చాలామందికి తెలియని చోటు. జీమెయిల్ ఇన్‌బాక్స్‌ను ప్రైమరీ, ప్రమోషన్స్, సోషల్, అప్‌డేట్స్ అని విడదీస్తుంది. మామూలుగా గంట మోగేది ప్రైమరీకి మాత్రమే. కంప్యూటర్ నుంచి తనంతట తానుగా వెళ్లే మెయిళ్లు, అంటే పరీక్ష బోర్డు, జాబ్ పోర్టల్, వీసా సెంటర్ పంపేవి, తరచుగా అప్‌డేట్స్‌లో పడతాయి. ఫోన్ మోగదు, మనం చూడం. దీనికి ఖాతా సెట్టింగ్స్‌లో 'మేనేజ్ లేబుల్స్' తెరిచి, అప్‌డేట్స్ నొక్కి, సింక్‌ను, లేబుల్ నోటిఫికేషన్స్‌ను ఆన్ చేయాలి. లేదంటే ఇన్‌బాక్స్ కేటగిరీల్లో అప్‌డేట్స్ టిక్ తీసేస్తే అవి కూడా ప్రైమరీలోకే వస్తాయి. అక్కడే 'నోటిఫై ఫర్ ఎవ్రీ మెసేజ్' అని ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే మొదటి మెయిల్‌కు ఒకసారి మోగి, ఆ తర్వాత వచ్చినవాటికి మౌనంగా ఉండిపోతుంది.

నాలుగోది స్పామ్. అందులో పడ్డ మెయిల్‌కు గంట ఉండదు, 30 రోజుల తర్వాత అది దానంతటదే చెరిగిపోతుంది. దరఖాస్తు చేసిన రోజే ఆ సంస్థ పంపిన మొదటి మెయిల్ ఎక్కడ పడిందో చూడండి. స్పామ్‌లో ఉంటే 'నాట్ స్పామ్' నొక్కండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ చిరునామాకు ఫిల్టర్ పెట్టి 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' ఎంచుకుంటే ఇంకా గట్టి ఏర్పాటు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసిన యాప్ నోటిఫికేషన్ పంపడానికి అనుమతి అడుగుతుంది. తొందరలో 'డోంట్ అలో' నొక్కి ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ తెరిచి నోటిఫికేషన్స్ ఆన్ చేయాలి.

అసలు దొంగ: బ్యాటరీ పొదుపు

వాట్సాప్ బాగానే మోగుతోంది, మెయిలే మోగడం లేదు అనేవాళ్లు ఇక్కడ చూడాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో 'డోజ్' అనే పద్ధతి మొదలైంది. ఛార్జింగ్ లేకుండా, స్క్రీన్ ఆఫ్‌లో, కదలకుండా ఉన్న ఫోన్ నిద్రలోకి వెళ్తుంది. అత్యవసరమని గుర్తు ఉన్న పిలుపులే అప్పుడు వెంటనే లోపలికి వస్తాయి. 2018లో ఆండ్రాయిడ్ 9 వచ్చాక ఫోన్ యాప్‌లను వాడకాన్ని బట్టి వరుసలు చేస్తోంది. గంటకోసారి తెరిచే వాట్సాప్‌కు వెసులుబాటు ఎక్కువ. వారానికోసారి తెరిచే మెయిల్ యాప్‌కు తక్కువ. దీనిమీద కంపెనీలు తమ సొంత బ్యాటరీ నియమాలు కూడా పెడతాయి.

చేయాల్సింది ఇదీ. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, జీమెయిల్ నొక్కి, బ్యాటరీలో 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి. షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో 'నో రిస్ట్రిక్షన్స్' అని ఉంటుంది. వాటిలో 'ఆటోస్టార్ట్' కూడా ఆన్ చేయాలి. వివో, ఒప్పో, రియల్‌మీలలో 'ఆటో లాంచ్', 'బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ' లాంటి పేర్లు వెతకండి. శాంసంగ్‌లో బ్యాటరీ పేజీలో నిద్రపోయే యాప్‌ల జాబితా ఉంటుంది. అందులో జీమెయిల్ ఉంటే తీసేసి, ఎప్పుడూ నిద్రపోకూడని యాప్‌ల జాబితాలో చేర్చండి.

'ఫోర్స్ స్టాప్' నొక్కిన యాప్‌కు మళ్లీ మనం చేత్తో తెరిచేదాకా పుష్ రాదు. కొన్ని ఫోన్లలో ఫోన్ తేలికవుతుందని అన్ని యాప్‌లనూ ఒకేసారి ఊడ్చేసినా ఇదే జరుగుతుంది. 'క్లీనర్', 'బూస్టర్' యాప్‌లు చేసేదీ ఇదే. వాటిని తీసేయడమే మంచిది.

సిగ్నల్ తక్కువ ఉన్న ఊళ్లలో ఇంకో మెలిక ఉంది. బలహీనమైన సిగ్నల్‌లో ఫోన్ టవర్‌ను పదే పదే వెతుకుతూ ఛార్జింగ్ త్వరగా ఖర్చు చేస్తుంది. కొంత శాతం కిందికి పడగానే బ్యాటరీ సేవర్ తనంతట తానే ఆన్ అవుతుంది. దాంతో వెనకాల నడిచే పనులు ఆగి, మెయిల్ గంట ఆలస్యమవుతుంది. మెయిల్ కోసం ఎదురుచూసే రోజుల్లో ఫోన్‌ను రాత్రి ఛార్జింగ్‌లో పెట్టడం, బ్యాటరీ సేవర్ ఆటోమేటిక్‌గా ఆన్ కాకుండా ఆపడం అవసరం.

సిమ్, డేటా, టవర్

'డేటా సేవర్' ఆన్‌లో ఉంటే వెనకాల నడిచే యాప్‌లకు నెట్ అందదు. దాన్ని ఆపండి, లేదా జీమెయిల్‌కు 'అన్‌రిస్ట్రిక్టెడ్ డేటా' ఇవ్వండి.

నెట్‌వర్క్ మోడ్‌ను 5జీ/4జీ/3జీ/2జీ ఆటోమేటిక్‌లోనే ఉంచండి. కొన్ని కొత్త ఫోన్లలో 2జీని ఆపే బటన్ ఉంటుంది. 2జీ టవరే దిక్కైన ఊళ్లో దాన్ని ఆపితే ఆ చిన్న పిలుపు కూడా రాదు. అయితే 2జీలో కాల్ మాట్లాడుతున్నంతసేపు డేటా ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి. 2016 సెప్టెంబర్ 5న మొదలైన జియోకు 2జీ, 3జీ లేవు. ఆ సిమ్‌కు 4జీ అందని చోట డేటా మొత్తమే ఉండదు. అందుకని రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోవడం తెలివైన పని. మీ ఊళ్లో ఏది అందుతుందో పక్కింటి వాళ్ల ఫోన్లు చూసి తేల్చుకోవచ్చు. ఒక సిమ్ డేటా పోతే రెండోదానికి తనే మారే సౌకర్యం చాలా ఫోన్లలో సిమ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. రెండో సిమ్‌లో కూడా ఎంతో కొంత డేటా ఉంటేనే అది పనికొస్తుంది.

టవర్ల విషయంలో కొంత మార్పు మొదలైంది. నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్ర క్యాబినెట్ 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. తెలంగాణ కూడా అందులో ఉంది. నెట్‌వర్క్ సరిగా అందని 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే బీఎస్ఎన్ఎల్ పథకానికి అదే ఏడాది జూలైలో ఆమోదం వచ్చింది. మీ ఊళ్లో గతంలో పనిచేయని బీఎస్ఎన్ఎల్ సిమ్‌ను ఇప్పుడు ఒకసారి పెట్టి చూడటంలో నష్టం లేదు. పాత సిమ్ అయితే 4జీ సిమ్‌గా మార్చుకోవాలి.

ఐఫోన్ ఉన్నవాళ్లకు

గల్ఫ్ నుంచి అన్నో, చాచానో పంపిన ఐఫోన్‌తో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. అందులో ముందే ఉండే 'మెయిల్' యాప్‌లో జీమెయిల్ కలిపితే పుష్ రాదు. ఉచిత జీమెయిల్ ఖాతాలను పుష్ ఉండే ఎక్స్ఛేంజ్ పద్ధతిలో కొత్తగా కలిపే వీలును గూగుల్ 2013 జనవరి 30 నుంచి ఆపేసింది. అందుకే ఆ యాప్ జీమెయిల్‌ను ఫెచ్ పద్ధతిలోనే తెస్తుంది. ఫెచ్ 'ఆటోమేటిక్' మీద ఉంటే ఛార్జింగ్, వైఫై రెండూ ఉన్నప్పుడే వెనకాల తెస్తుంది. పసుపు రంగు బ్యాటరీ గుర్తు, అంటే లో పవర్ మోడ్, ఉంటే అదీ ఆగుతుంది. పరిష్కారం సులువే. యాప్ స్టోర్ నుంచి జీమెయిల్ యాప్ వేసుకుని, అందులో నోటిఫికేషన్‌ను 'ఆల్ న్యూ మెయిల్' మీద పెట్టాలి. ఐక్లౌడ్, ఔట్‌లుక్ ఖాతాలకు మాత్రం ఐఫోన్ మెయిల్ యాప్‌లోనే పుష్ వస్తుంది.

సరిగ్గా పనిచేస్తోందా? ఇలా పరీక్షించండి

సెట్టింగ్ మార్చిన వెంటనే మెయిల్ పంపి చూస్తే మోగుతుంది. అది సరైన పరీక్ష కాదు, ఎందుకంటే అప్పుడు ఫోన్ మేలుకునే ఉంది. ఛార్జర్ తీసేసి, స్క్రీన్ ఆపి, ఫోన్‌ను గంటసేపు కదల్చకుండా పెట్టండి. తర్వాత ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి మెయిల్ పంపండి. ఒకటి రెండు నిమిషాల్లో మోగితే సరిగ్గా ఉన్నట్టే. మోగకుండా, స్క్రీన్ ఆన్ చేయగానే మోగితే బ్యాటరీ సెట్టింగ్‌లో లోపం. యాప్ తెరిస్తేనే మెయిల్ కనిపిస్తే సింక్‌నో, నోటిఫికేషన్‌నో చూడాలి. యాప్ తెరిచి కిందికి లాగినా రాకపోతే నెట్ లేదు, లేదా మెయిలే స్పామ్‌లో పడింది. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయడం మంచిది. అప్‌డేట్ తర్వాత కొన్ని ఫోన్లలో బ్యాటరీ సెట్టింగ్స్ మొదటికొస్తాయి.

వరద రోజులకు రెండో ఏర్పాటు

భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగుల వద్ద మొదటి, 48 వద్ద రెండో, 53 వద్ద మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు పోతుంది, టవర్లు ఆగుతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నడిచే అడ్మిషన్ల కాలమూ వరద కాలమూ ఒకటే కావడం ఇక్కడి పిల్లల కష్టం. ఏ సెట్టింగూ లేని సిగ్నల్‌ను తేలేదు.

దానికి మందు ఒక్కటే, కబురు రెండు చోట్ల మోగేలా చూసుకోవడం. దరఖాస్తుల ఐడీకి వచ్చే మెయిల్ ఖమ్మంలోనో, హైదరాబాద్‌లోనో ఉండే నమ్మకమైన అన్నకో, అక్కకో కూడా చేరేలా ఫార్వర్డింగ్ పెట్టొచ్చు. ఇది కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లోని 'ఫార్వర్డింగ్' పేజీలో చేయాలి. అవతలి ఐడీకి ఒక నిర్ధారణ మెయిల్ వెళ్తుంది, వాళ్లు ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది. ఓటీపీలు కూడా వెళ్తాయి కాబట్టి సొంత కుటుంబం దాటి ఎవరికీ ఇవ్వకూడదు. బ్యాంకుకు వాడే ఐడీకి ఇది పెట్టనే వద్దు. దరఖాస్తులో ఎస్ఎంఎస్ సమాచారం కావాలా అని అడిగితే తప్పకుండా ఔననండి. డేటా లేని చోట కూడా ఎస్ఎంఎస్ వస్తుంది.

ఫోన్ కొన్ని గంటలు ఆఫ్‌లో ఉన్నా గాబరా పడక్కర్లేదు. అందని పిలుపులను గూగుల్ నాలుగు వారాల వరకు దాచి ఉంచగలదు. మెయిల్ ఎలాగూ సర్వర్‌లోనే ఉంటుంది. పోయేది గడువు మాత్రమే. అందుకే పుష్ ఎంత బాగా పనిచేస్తున్నా, ఎదురుచూసే మెయిల్ ఉన్న రోజుల్లో ఫజ్ర్ తర్వాత ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి యాప్ తెరిచి ప్రైమరీ, అప్‌డేట్స్, స్పామ్ మూడూ చూసే అలవాటు పెట్టుకోవాలి. రోజూ తెరిచే యాప్‌ను ఫోన్ కూడా నిద్రపుచ్చదు. అలా ఆ రెండు నిమిషాల అలవాటు పుష్‌ను కూడా సరిగ్గా నడిపిస్తుంది.